పాత మాల్ట్, పాత జొన్నలు, పాత మక్కలు: బీరుకు ఏది పనికొస్తుంది, ఏది రాదు

"మామా, మాల్ట్ సంచి మీద తేదీ రెండేళ్ల కిందటిది, వాడొచ్చా?" అని ఎవరైనా అడిగితే నేను తేదీ జోలికి పోను. (మాల్ట్ అంటే బీరు కోసం మొలకెత్తించి ఆరబెట్టిన గింజ, ఎక్కువగా బార్లీ.) ముందు అడిగేది, అది నిండు గింజగా ఉందా, మరలో పగలగొట్టి ఉందా అని. తర్వాత, ఎక్కడ పెట్టావని. ఆ తర్వాత, దాంతో ఏ పని చేయించుకుందామని. మూతి కట్టని సంచిలో, ఎండకు కాలే రేకుల కింద ఆర్నెల్లు పడున్న మాల్ట్ కంటే, చల్లటి గదిలో గాలి చొరని డబ్బాలో రెండేళ్లున్న మాల్ట్ చాలా నయం.

వరంగల్‌లో కూర్చున్నోళ్లకు ఈ ప్రశ్న ఎందుకంటారా? హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు ఏ వాడకట్టులో చూసినా ఇద్దరు ముగ్గురు పిల్లలు అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉంటారు, వాళ్లలో కొందరికి శని ఆదివారాలు ఇంట్లో బీరు చేసుకోవడం సరదా. ఉత్సాహంగా 25 కిలోల సంచి కొంటారు, సగం వాడతారు, తర్వాత పిల్లలు పుడతారు, ఇల్లు మారతారు, మిగిలిన సగం గరాజ్‌లో మూలకు చేరుతుంది. అట్లాగే ఇక్కడి ఇళ్లలో గుమ్ముల్లో, డ్రమ్ముల్లో పాత జొన్నలు, మక్కలు (మొక్కజొన్న), తైదలు (రాగులు) ఉంటాయి, "వీటితో కూడా బీరవుతుందట కదా" అని ఎవరో ఒకరు అంటారు.

అవుతుంది, కానీ ఇక్కడ కాదు. తెలంగాణలో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు చేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం, "నేను తాగడానికే, అమ్మడానికి కాదు" అంటే చెల్లదు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం 1979 నుంచి దీన్ని ఒప్పుకుంది: ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకు మించి ఉంటే ఇంటికి 200, అమ్మకూడదు. రాష్ట్రాల వారీగా చూస్తే అలబామా, మిసిసిపి మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో 1963 నుంచే ఇంటి బీరుకు లైసెన్స్ అక్కర్లేదు. కాబట్టి కింద బీరు అన్నచోటల్లా అక్కడున్నవాళ్లకు చెబుతున్నట్టు. ఇక్కడున్నవాళ్లకు అదే గింజతో అంబలి, గట్క, మొలకల పిండి ఉన్నాయి, పాత గింజను ఎంచే పద్ధతి వాటికీ ఇదే.

గింజతో ఏ పని?

బీరులో గింజ మూడు రకాల పనులు చేస్తుంది. ఒకటి, పిండి పదార్థం ఇస్తుంది, అదే చక్కెరగా మారితే ఈస్ట్ దాన్ని తిని ఆల్కహాల్ చేస్తుంది. రెండు, ఆ పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు ఇస్తుంది. మూడు, రంగు, రుచి. పాతబడితే ఈ మూడూ ఒకేలా దెబ్బతినవు. పిండి పదార్థం గట్టిది, గింజ పొడిగా ఉండి పురుగు తినకపోతే ఏళ్లపాటు అట్లాగే ఉంటుంది. ఎంజైములు నెమ్మదిగా తగ్గుతాయి, తేమ, వేడి తగిలితే గబగబా తగ్గుతాయి. రుచి సంగతి గింజలోని నూనె చేతిలో ఉంటుంది, గింజ పగిలిందంటే ఆ నూనెకు గాలి తగిలి ముక్కిపోవడం మొదలవుతుంది.

అందుకే "పాత గింజ వాడొచ్చా" అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. ఎంజైము పనికి పనికిరాని గింజ పిండి పనికి బ్రహ్మాండంగా పనికొచ్చే వీలుంది. అయితే అప్పుడు పక్కన ఒక తాజా మాల్ట్ ఉండాలి.

పాత మాల్ట్: నిండు గింజ

పాత గింజలన్నిట్లో నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలో తేమ 4, 5 శాతమే ఉంటుంది. పోల్చుకోవడానికి, మద్దతు ధరకు మక్కలు కొనేటప్పుడు తేమ 14 శాతం దాకా ఒప్పుకుంటారు, వడ్లకు 17 దాకా. అంత పొడిగా ఉన్న మాల్ట్ గాలిలోంచి తేమను గుంజుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, దాన్ని ఆపేది డబ్బా మూత ఒక్కటే. చల్లగా, పొడిగా, మూత బిగించి ఉంటే ఏడాది గ్యారంటీగా, రెండేళ్లు కూడా సులువుగా గడుస్తాయి.

ఎంచడం సులువు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరకండి. టక్కున విరిగి, నాలుక మీద పొడిగా, కాస్త తియ్యగా ఉంటే బాగున్నట్టు. పంటికి సాగినట్టో రబ్బరులాగో అనిపిస్తే తేమ పట్టింది. గుప్పెడు తీసి రెండు చేతుల మధ్య గట్టిగా రుద్ది వాసన చూడండి, బిస్కెట్ వాసన రావాలి. పాత అట్టపెట్టె వాసనో, నిలవ నూనె వాసనో, మట్టి వాసనో వస్తే ఇక లెక్కలు అక్కర్లేదు.

నోటి పరీక్ష పాసైంది గానీ ఎంజైముల మీద అనుమానం ఉందనుకోండి, మొత్తం సంచి మీద ప్రయోగం చేయకుండా 100 గ్రాములు పగలగొట్టండి. వేడినీళ్లతో ఒకసారి కడిగిన ఫ్లాస్కులో 71, 72 డిగ్రీల నీళ్లు 400 మిల్లీలీటర్లు పోసి, ఆ పిండి కలిపి మూత పెట్టండి. లోపల 66 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. గంట తర్వాత పైతేట రెండు చుక్కలు తెల్లటి ప్లేటులో వేసి, పక్కన ఒక చుక్క టింక్చర్ అయోడిన్ కలపండి. పొట్టు ముక్క పడకూడదు, పడితే అదే నల్లబడి మిమ్మల్ని కంగారు పెడుతుంది. అయోడిన్ రంగు మారకపోతే పిండి అంతా చక్కెరైంది. నీలం, నలుపు తిరిగితే ఎంజైములు చాల్లేదు. తర్వాత వడగట్టి, చల్లార్చి హైడ్రోమీటర్ ముంచండి, నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందో అది చూపిస్తుంది, మామూలు నీళ్లకు 1.000. మంచి మాల్ట్ అయితే ఈ కొలతకు 1.060 దరిదాపుల్లో చూపిస్తుంది. 1.050 కూడా అందుకోలేదంటే పనైపోయినట్టే. మధ్యలో ఉంటే ఆ సంచికి ఇంకా బతుకుంది.

20 లీటర్ల మామూలు బీరుకు 5 కిలోల మాల్ట్ పడుతుందనుకుంటే, పాతదైతే పావు కిలో నుంచి అర కిలో ఎక్కువ వేసుకోండి, గంట నానబెట్టేచోట గంటన్నర ఉంచండి. ఇంకా తగ్గితే చివర్లో పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ రసాన్ని ఆరబెట్టిన పొడి) కలపడమే, 20 లీటర్లకు 5 పాయింట్లు, అంటే హైడ్రోమీటర్ మీద 0.005 పెరగాలంటే దాదాపు 270 గ్రాములు పడుతుంది. అనుమానం మరీ పీకుతుంటే సగం పాతది, సగం కొత్తది. అమెరికన్ టూ-రో (రెండు వరుసల బార్లీ) మాల్ట్‌కు ఎంజైముల బలం అవసరానికి మూడు రెట్లు ఉంటుంది: లింట్నర్ అనే కొలతలో అది 120 పైచిలుకు, మిశ్రమం మొత్తానికి సగటున 40 ఉంటే పని జరిగిపోతుంది. అంటే కొత్తది సగం ఉన్నా పాతదాని పని కూడా అదే లాక్కెళ్తుంది. ఇంగ్లిష్ పేల్ ఏల్ మాల్ట్‌కు అంత మిగులు లేదు, దానికి మొదట్నుంచీ 40 నుంచి 60 మధ్యే. పాతదైతే పక్కన గట్టి జోడీ కావాల్సిందే.

ఏ బీరు చేస్తున్నారన్నది కూడా చూసుకోండి. లేత రంగు లాగర్ రకం బీరులో ఏ చిన్న తేడా అయినా బయటపడుతుంది. పోర్టర్, బ్రౌన్ ఏల్ లాంటి ముదురు వాటిలో కాస్త వయసు మళ్లిన మాల్ట్ సర్దుకుపోతుంది. సర్దుకుపోయేది నిలవ రుచి వరకే, ముక్కిన నూనె రుచిని ఏ మాడ్చిన మాల్టూ కప్పిపెట్టలేదు.

పాత మాల్ట్: పగలగొట్టింది

దీని మీద నాకు జాలి లేదు. దుకాణంలో ఉచితంగా మర పట్టిస్తారని మొత్తం పట్టించేసి తెచ్చుకుంటారు, అక్కడే సగం ఆయుష్షు పోతుంది. రెండు మూడు వారాల్లో వాడితే మంచిది, గాలి తీసేసిన కవర్లో చల్లగా పెడితే రెండు మూడు నెలలు. ఆ గడువు దాటిన పిండిని ప్రధాన గింజగా వాడకండి. మాల్ట్ ధర చూసుకుని "పారేస్తే నష్టం" అనుకుంటారు గానీ, హాప్స్ (బీరుకు చేదు ఇచ్చే పువ్వులు), ఈస్ట్, గ్యాస్, ఒక ఆదివారం, తర్వాత మూడు వారాల ఎదురుచూపు, అన్నీ కలిపితే మాల్ట్ ఖర్చే తక్కువ. అట్టముక్క నమిలినట్టున్న 20 లీటర్ల బీరు ఎవరికి పోస్తారు?

ఇందులో మినహాయింపు మాడ్చిన మాల్ట్. చాక్లెట్, బ్లాక్ రకాలకు ఎంజైములు మొదట్నుంచే ఉండవు, కాల్చినప్పుడే పోయాయి, కాబట్టి పాతబడితే పోవడానికి వాసన తప్ప ఏమీ లేదు. నిండు గింజైతే ఏడాదిన్నరదైనా నిశ్చింతగా వేయండి, మోతాదు కాస్త పెంచుకోండి. తియ్యదనానికీ రంగుకూ వేసే క్రిస్టల్ మాల్ట్ తేమకు జిగటగా అవుతుంది, నమిలి చూసి టాఫీలా తియ్యగా ఉంటే వాడేయండి. ఓట్స్ అటుకులు మాత్రం అట్లా కాదు, నూనె ఎక్కువ, తొందరగా చేదెక్కుతాయి.

ఎక్స్‌ట్రాక్ట్ సంగతి రెండు ముక్కల్లో: పొడిది గడ్డకట్టినా పనికొస్తుంది, చిదిమి వేయండి. పాకంలా ఉండేది ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడి రుచి మారుతుంది, డబ్బా ఉబ్బి ఉంటే ముట్టుకోకండి.

ఇంటి గింజలు: జొన్న, మక్క, తైద, బియ్యం

ఇవి మొలకెత్తించనివి. వీటినుంచి పిండి పదార్థం వస్తుంది, దాన్ని చక్కెరగా మార్చేంత ఎంజైములు రావు. కాబట్టి ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు, పాత ఇంటి గింజకు జోడీగా తాజా మాల్ట్ ఉండాలి. పాత మాల్ట్, పాత జొన్నలు రెండూ కలిపి "ఉన్నవన్నీ వాడేద్దాం" అంటే అయోడిన్ నల్లగా నవ్వుతుంది.

ఇంకోటి, వీటిని ముందుగా వండాలి. బార్లీ పిండి 60 నుంచి 65 డిగ్రీల దగ్గరే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎంజైములూ ఆ వేడిలోనే పనిచేస్తాయి, ఇద్దరికీ కుదురుతుంది. జొన్న, బియ్యం ఉబ్బాలంటే 70 దాటాలి, కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ, ఆ వేడికి ఎంజైములు చస్తాయి. అందుకే ముందు రవ్వ పట్టించి, నాలుగింతల నీళ్లలో గట్క కంటే పల్చగా అరగంట ఉడికించి, 66 డిగ్రీలకు చల్లార్చి, అప్పుడు మాల్ట్ కలపాలి. మొత్తం గింజల్లో ఇవి 20, 30 శాతం మించకుండా చూసుకోండి. జొన్నకూ తైదకూ బార్లీకున్నట్టు పొట్టు ఉండదు, వడపోత దగ్గర ముద్దకట్టి మొరాయిస్తాయి. గుప్పెడు వడ్ల పొట్టు కడిగి కలిపితే నీళ్లు దిగుతాయి.

నాలుగిట్లో ఏది? పాతవాటిలో నా మొదటి ఓటు బియ్యానికి. పాలిష్ పట్టిన బియ్యంలో నూనె బాగా తక్కువ, ముక్కిపోవడానికి పెద్దగా ఏమీ మిగలదు, అన్నానికైతే పాతబియ్యమే కావాలని ఏరికోరి అడుగుతాం కూడా. సన్నబియ్యం రేషన్‌లోకి వచ్చాక మూలకు చేరిన దొడ్డుబియ్యం లాంటివైనా సరే, రుచికి ఇబ్బంది లేదు. బీరు తేలికగా, పొడిగా వస్తుంది. దంపుడు బియ్యం అయితే మాత్రం తవుడులో నూనె ఉంటుంది, వాసన చూసి వేయండి. అన్నట్టు, సంచిలో బియ్యం సర్దుకుని విమానం ఎక్కకండి, ఇండియా నుంచి సామానులో బియ్యం తేవడాన్ని అమెరికా ఒప్పుకోదు, నిలవ గింజలను తినే కప్రా పురుగు భయం వాళ్లకు. అక్కడి ఇండియన్ దుకాణాల్లో కొన్నవే మీ అల్మారాలో పాతబడ్డాయనుకుందాం.

తర్వాత తైదలు. చిన్న గింజ, గట్టి పైపొర, పురుగు అంతగా పట్టదు, ఏళ్ల తరబడి నిలవుంటాయి. కరువు రోజులకు దాచుకున్న గింజ ఇది. కాస్త మట్టి వాసన, గోధుమ రంగు వస్తాయి, అది నచ్చేవాళ్లకు నచ్చుతుంది.

జొన్నలు మూడోస్థానం, గింజ తప్పని కాదు, రకాన్ని బట్టి మారిపోతుంది కాబట్టి. తెల్లజొన్న, మన పచ్చజొన్న అయితే సరే. ముదురు రంగు జొన్నల్లో కొన్నిటికి టానిన్ ఎక్కువ, అది ఎంజైములను పట్టేసి పని చేయనివ్వదు, నోరు కూడా వగరెక్కుతుంది. ఆర్మూర్ వైపు ఎర్రజొన్నలు పశుగ్రాసం విత్తనం కోసం పండించేవి, వాటి జోలికి పోకండి. జొన్నతో బీరేంటని నవ్వేవాళ్లకు ఒక సంగతి: 1988లో నైజీరియా బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధిస్తే అక్కడి పెద్ద బీరు కంపెనీలన్నీ జొన్నలు, మక్కల మీదికి మళ్లాయి, బయటినుంచి తెచ్చిన ఎంజైములు కలిపి నడిపించాయి. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ పడనివాళ్లకు ఇప్పటికీ జొన్న, తైదల్లాంటి గింజలే దారి.

మక్కలు చివర. పాతవాటిలో నాకు అన్నిటికంటే భయం వీటితోనే. గింజ మొలక భాగంలో నూనె ఉంటుంది, గిర్నీలో మొత్తంగా పట్టించిన మక్కపిండి ఆర్నెల్లకే చేదెక్కుతుంది. పెద్ద కంపెనీలు ఆ మొలక భాగం తీసేసిన రవ్వే వాడేది అందుకే. అంతకంటే పెద్ద సమస్య బూజు, దాని గురించి కింద.

అమ్మ గుమ్మిలో ఏం కలిపింది?

ఎక్కువమంది అడగని ప్రశ్న ఇదే. ఇంటి గింజ ఊరికే నిలవుండదు, దాంట్లో ఏదో ఒకటి కలుపుతారు, ఆ కలిపినది వంటకు కడిగినప్పుడు పోతుంది కాబట్టి ఎవరికీ పట్టదు. రవ్వ పట్టించి నేరుగా నీళ్లలో వేస్తే మాత్రం అంతా మీ గిన్నెలోకే వస్తుంది. మొలకల పిండి చేయించి పిల్లలకు పంపేవాళ్లు కూడా ఇది చదవండి.

వేపాకు కలిపినవైతే ఎండిన ఆకు నుసిగా మారి గింజకు అంటుకుని ఉంటుంది. చాటలో చెరిగి, రెండుసార్లు కడిగి ఆరబెడితే పోతుంది. పోకపోతే చేదు వస్తుంది, ఆ చేదును హాప్స్ చేదనుకుని మురిసిపోయేవాళ్లూ ఉంటారేమో, నాకైతే కషాయమే గుర్తొస్తుంది. బూడిద కలిపినవీ అంతే, కడగాలి, బూడిద క్షారం కదా, నానబెట్టిన మాల్ట్‌కు కావాల్సిన 5.2 నుంచి 5.5 పీహెచ్‌ను (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) పైకి లాగేస్తుంది, ఎంజైములు సరిగ్గా పనిచేయవు. ఆముదం రాసినవి తినడానికి ఇబ్బంది లేదు గానీ బీరుకు వద్దు, నూనె ఏ కొంచెం ఉన్నా నురగ నిలబడదు, కడిగినా జిడ్డు పూర్తిగా వదలదు.

బోరిక్ పౌడర్ కలిపిన బియ్యం. మన ఇళ్లలో ఇది మామూలైపోయింది, "మూడు సార్లు కడిగితే చాలు" అంటారు. అది తినే వస్తువు కాదు, ఆహారంలో కలపడానికి అనుమతి లేదు. బీరుకు, అంబలికి, పిల్లల పిండికి, దేనికీ వాడకండి.

పురుగు చావడానికి పెట్టే గోళీలు, అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్, ఇంకా ప్రమాదం. అది నివాసముండే ఇంట్లో పెట్టాల్సిన మందే కాదు. ఆ గోళీల బూడిద గింజల్లో కలిసిందన్న అనుమానం ఉంటే తినే పనికి ఆ గింజ ముగిసినట్టే. విత్తనం ప్యాకెట్లలో మిగిలిన జొన్నలు, మక్కలు గులాబీ రంగో ఎరుపు రంగో పూసి ఉంటాయి, అది విత్తనశుద్ధి మందు. కడిగినా పోదు, కోళ్లకు కూడా వేయొద్దు.

పాత గింజను మొలకెత్తించి మాల్ట్ చేస్తే?

ఆశ మంచిదే, కానీ ఇక్కడ గింజ బతికుండాలి. 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి మూడు రోజులు పెట్టండి, విత్తనం మొలక చూసుకునే పద్ధతే. సర్టిఫైడ్ విత్తనానికి జొన్నలో 75, వడ్లలో 80 మొలిస్తే పాస్. మాల్ట్‌కు అది చాలదు, 95 కావాలి. ఎందుకంటే పొలంలో మొలవని గింజ మట్టిలో కలిసిపోతుంది, మీ పళ్లెంలో మొలవని గింజ నాలుగు రోజులు తడిగా కూర్చుని బూజు పట్టి పక్కవాటికి అంటిస్తుంది. విత్తనాల వాళ్లు చెప్పే లెక్క ఒకటుంది, తేమ ఒక్క శాతం తగ్గినా, వేడి ఐదారు డిగ్రీలు తగ్గినా గింజ బతికే కాలం రెట్టింపవుతుందని. ఆ లెక్కన మన ఓరుగల్లు ఎండాకాలం రెండు దాటొచ్చిన గింజ దగ్గర 95 ఆశించడం కష్టమే. తైదలు మాత్రం అప్పుడప్పుడు ఆశ్చర్యపరుస్తాయి.

అట్లాగని అప్పుడే కోసిన గింజ మేలు అనుకోకండి. బార్లీకి కోత తర్వాత కొన్ని వారాల నుంచి నెలల దాకా నిద్ర ఉంటుంది, అది తీరేదాకా సరిగ్గా మొలవదు. ఇక్కడ కొంత వయసే మంచిది.

చిరుధాన్యాల్లో మొలకకు తైదే మేలు: తొందరగా మొలుస్తుంది, ఎంజైములు బాగుంటాయి, బూజు తక్కువ. జొన్న మొలకెత్తిస్తే ఒక జాగ్రత్త తప్పనిసరి. జొన్న మొలకల్లో సైనైడ్ విడుదల చేసే పదార్థం తయారవుతుంది. లేత జొన్న చొప్ప మేసి పశువులు చచ్చిపోవడం మన రైతులకు తెలిసిందే, ఇదీ అదే. ఎండబెట్టాక గింజలను నలిపి వేర్లు, మొలకలు పూర్తిగా తీసేయాలి, మొలకలతో కలిపి పిండి పట్టించకూడదు.

పురుగు వేరు, బూజు వేరు

ఈ రెండిటినీ జనం తారుమారుగా చూస్తారు. ముక్కు పురుగో లక్కపురుగో కనిపిస్తే సంచి మొత్తం పారబోస్తారు, బూజు వాసన వస్తే మాత్రం "ఎండలో వేస్తే పోతుందిలే" అంటారు. పురుగు పట్టిన గింజలో నష్టం ఎక్కువగా మీ పిండి తగ్గడమే. కొద్దిగా ఉంటే జల్లించి, చెరిగి, ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర నాలుగైదు రోజులు పెడితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక సంచి చల్లదనం పూర్తిగా పోయేదాకా విప్పకండి, లేదంటే గింజకు చెమట పట్టి కొత్త సమస్య మొదలవుతుంది. సగానికి సగం గుల్లలై, అడుగున తెల్లటి పిండి రాలుతుంటే కోళ్లకు వేసేయండి, మందులేవీ కలపకపోతేనే.

బూజు అట్లా కాదు. మక్కల్లో ముఖ్యంగా వచ్చే ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతుంది. బూజు చచ్చినా విషం ఉంటుంది, ఉడికించినా, గంటసేపు మరిగించినా పోదు, పులిసినా పూర్తిగా పోదు. ధాన్యంలో మన దేశం ఒప్పుకునే హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు, అది కంటికీ ముక్కుకూ అందే మోతాదు కాదు. కాబట్టి ఆకుపచ్చ, నలుపు చుక్కలు, గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కట్టడం, తడి గోడ వాసన, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఏరి వాడటం కుదరదు, మొత్తం పోవాలి. బర్రెలకూ పెట్టొద్దు, ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది, ఆ పాలు మళ్లీ మీ ఇంటికే వస్తాయి.

ఇంతకీ మీ దగ్గర ఉన్నదానికి

గరాజ్‌లో మూత బిగించిన డబ్బాలో నిండు గింజ మాల్ట్ ఉంటే, ఫ్లాస్కు పరీక్ష చేసి వాడండి, వేరే ఆలోచన వద్దు. అదే పగలగొట్టినదై మూడు నెలలు దాటితే కొత్తది కొనుక్కోండి. పరీక్షలో మధ్యస్తంగా వచ్చిందంటే సగం కొత్త టూ-రో కలిపి బ్రౌన్ ఏల్ చేయండి. మాల్ట్ కొత్తది ఉండి ఇంట్లో పాత బియ్యం మిగిలితే, దాన్ని మెత్తగా వండి పావు వంతు వేయండి, పాతవాటిలో అన్నిటికంటే తక్కువ రిస్కు అదే. జొన్న, తైదలతో గ్లూటెన్ లేని బీరు చేయాలనుకునేవాళ్లు పాత గింజ మీద సొంతంగా మాల్ట్ ప్రయోగాలు పెట్టుకోకుండా, గింజ పాతది వాడి ఎంజైములు దుకాణంలో కొనడమే తెలివైన పని.

ఇక్కడ, గుమ్మిలో పాత తైదలు ఉన్నవాళ్లకు పని ఇంకా తేలిక. కడిగి, నానబెట్టి మొలకలు చూడండి. నూటికి 95 దాటి మొలిస్తే మొలకల పిండి చేయండి. అంతకంటే తగ్గితే మొలకల ఆలోచన మానేసి మామూలుగా పట్టించి రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టండి, పొద్దున అంబలికి మొలకతో పని లేదు. మక్కలు పాతవైతే గుప్పెడు గింజలు పగలగొట్టి మొలక భాగం చూడండి. లేత పసుపు రంగులో ఉండి, పైన చెప్పిన బూజు గుర్తులేవీ లేకపోతే గట్కకు పనికొస్తాయి. నల్లబడి ఉంటే వద్దు.